జెండా ఊపితే పన్నెండు

ఈ ఎండలో పడి వచ్చిన అందరికీ నమస్కారం.

నన్ను చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లోని క్లెమెంటినం గురించి మాట్లాడమన్నారు. 1556లో ఆ ఊరొచ్చిన జెసూయిట్ అనే క్యాథలిక్ సంఘపు పాదరీలు పెట్టిన విద్యాలయం అది. 1654లో చార్లెస్ విశ్వవిద్యాలయంతో కలిసింది. 1722 నాటికి గ్రంథాలయపు హాలు, 68 మీటర్ల నక్షత్రశాల గోపురం లేచాయి. ఆ హాలు పైకప్పు చిత్రాలు మీరు ఫోటోల్లో చూసే ఉంటారు, వదిలేస్తాను. నా మనసు గోపురంలోని ఒక చీకటి గది మీదుంది.

దక్షిణపు గోడకు చిన్న కన్నం. నేలమీద ఉత్తర దక్షిణాలుగా బిగించిన తాడు. కన్నంలోంచి పడ్డ వెలుగుబిళ్ల జరుగుతూ జరుగుతూ ఆ తాడు మీదికొచ్చిందా, మిట్టమధ్యాహ్నమే. 1842 నుంచి ఆ క్షణాన గోపురం మీద జెండా ఊపేవారు. ఊళ్లో జనం గడియారాలు సరిచేసుకునేవారు. పైకి 172 మెట్లు! రోజూ ఎక్కినాయన మోకాళ్లను తలుచుకుంటే జాలేస్తుంది.

జెండా అనగానే నాకు మన విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ గుర్తొచ్చింది. మద్రాసు నక్షత్రశాలలో టేలర్ అనే ఖగోళ శాస్త్రవేత్త దగ్గర ఖగోళం నేర్చుకొచ్చిన మన జమీందారు గోడె వెంకట జగ్గారావు, 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత నక్షత్రశాల పెట్టారు. ఊరికి వేళ తెలియడానికి ఆ కొండ మీద జెండా కొయ్య నాటించారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు ఆ పని అందుకున్నారు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిపోవడం ఇక్కడినుంచే చూశారు. ప్రాగ్‌లో రాజుల, మతసంస్థల అండ. ఇక్కడ మామా అల్లుళ్లు. నాకు మనవాళ్లే ఎక్కువ ముచ్చటగా అనిపిస్తారు, పక్షపాతమే అనుకోండి.

ఆ రోజుల్లో ఏ ఊరి వేళ ఆ ఊరిదే. విశాఖలో పన్నెండైన 12 నిమిషాలకు గానీ మద్రాసులో పన్నెండయ్యేది కాదు. ఇప్పుడు దేశమంతా ఒకటే గడియారం గానీ, సూర్యుడు దాని మాట వినడు. మన నెత్తిమీదికి నవంబరు మొదట్లో 11:40కే వస్తాడు, ఫిబ్రవరి నడిమధ్యన 12:11 దాకా రాడు.

ఇంట్లో దక్షిణపు కిటికీకి అట్ట కట్టి, కన్నం పొడిచి చూడండి. మే రెండో వారం నుంచి జూలై ఆఖరుదాకా మాత్రం మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, కిటికీతో పని జరగదు. అప్పుడు ఒక కర్ర పట్టుకుని డాబా ఎక్కి, దాని నీడ చూసుకోవాల్సిందే.