మత్తు గ్యాస్‌కు గీత ఎక్కడ గీశారు? ఎందుకు గీశారు?

[తెర మీద: వేపరైజర్ డయల్ దగ్గరగా. సూచీ 2 దగ్గర ఉంది.]

ఆపరేషన్‌లో పీల్చడానికి ఇచ్చే సెవోఫ్లూరేన్ అనే మత్తుమందు ఎంత వెళ్లాలో నిర్ణయించే డయల్ 2 మీద ఉంది. అంటే పేషెంటుకు వెళ్లే గ్యాస్‌లో 2 శాతం మత్తుమందు ఉందన్నమాట. దీన్ని పీపీఎంలోకి మార్చితే, అంటే పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులో చూస్తే, 20,000. మరి పక్కన నిలబడ్డ నర్సు పీల్చే గాలిలో ఎంత ఉండొచ్చు? ఈ జాతి మత్తుమందులకు అమెరికాలో ఉద్యోగుల భద్రత, ఆరోగ్యం చూసే నయోష్ అనే ప్రభుత్వ సంస్థ 1977లో చెప్పిన గరిష్ఠ హద్దు 2 పీపీఎం. డయల్ మీద కనిపించే దాంట్లో పదివేల వంతు.

నమస్కారం. నేను అనస్థటిస్ట్‌ని, అంటే మత్తు డాక్టర్‌ని, బెంగళూరులో పనిచేస్తున్నాను. చిత్తూరు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చి ఇక్కడి ఓటీల్లో, అంటే ఆపరేషన్ థియేటర్లలో, టెక్నీషియన్లుగా, స్టాఫ్ నర్సులుగా చేస్తున్న మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఈ వీడియో ముందుగా మీ కోసం.

పేషెంటు ఆ గ్యాస్ పీల్చేది ఒక గంటో రెండు గంటలో. మీరు పీల్చేది ఏళ్ల తరబడి. అందుకే ఈ హద్దుల గురించి మీకు తెలియాలి.

[తెర మీద: నైట్రస్ ఆక్సైడ్. అమెరికా నయోష్ 25 పీపీఎం. బ్రిటన్ 100 పీపీఎం.]

సెవోఫ్లూరేన్ లాంటి మందులతో కలిపి ఇచ్చే ఇంకో మత్తు గ్యాస్ నైట్రస్ ఆక్సైడ్. ఒకే గ్యాస్‌కు రెండు దేశాల్లో రెండు అంకెలు ఎందుకు? ఒక లెక్క వేద్దాం. ఎనిమిది గంటల డ్యూటీలో, మత్తు ఇస్తున్న రెండు గంటలు 200 పీపీఎం నైట్రస్ ఉన్న గాలి పీల్చారు, మిగతా ఆరు గంటలు శుభ్రమైన గాలి. ఎనిమిది గంటల సగటు తీస్తే 50. బ్రిటన్ చూసేది ఈ సగటే, ఆ లెక్కలో మీరు హద్దు లోపలే ఉన్నారు. కానీ నయోష్ సగటు తీసేది మత్తు ఇస్తున్న సమయానికి మాత్రమే. ఆ లెక్కన 200, అంటే హద్దుకు ఎనిమిది రెట్లు. అదే రోజు, అదే ఓటీ, అదే మనిషి! కాబట్టి ఎవరైనా రిపోర్టు చూపించి "లిమిట్‌లోనే ఉంది" అంటే, ఎన్ని గంటల సగటు అని తప్పకుండా అడగండి.

అసలు ఈ భయం ఎక్కడ మొదలైందో చూద్దాం. 1967లో సోవియట్ యూనియన్‌లో వైస్‌మన్ అనే డాక్టర్ మత్తు డాక్టర్ల మీద ఒక సర్వే రాశారు. అందులో 31 గర్భాలకు 18 గర్భస్రావం అయ్యాయి. ఆ అంకె ప్రపంచాన్ని కుదిపేసింది. తర్వాత అమెరికాలో, బ్రిటన్‌లో పెద్ద సర్వేలు జరిగాయి. వాటిలో చాలావాటికి ఒకటే లోపం: ఫారాలు పంపి జవాబులు రాయించుకున్నారు గానీ, ఎవరు ఎంత గ్యాస్ పీల్చారో కొలవలేదు. నైట్ డ్యూటీలు, గంటల తరబడి నిలబడటం, ఎక్స్‌రేలు, టెన్షన్, వీటన్నింటి నుంచీ గ్యాస్ ప్రభావాన్ని విడదీయలేకపోయారు.

ఇక అంకెల సంగతి. 1977లో నయోష్ ఎంత వరకు క్షేమమో తేల్చలేకపోయింది. అందుకని 2 పీపీఎం అంకెను, అప్పటి పద్ధతులతో నమ్మకంగా కొలవగలిగిన అతి తక్కువ స్థాయిని బట్టి పెట్టింది. నైట్రస్ 25 వెనక మాత్రం వేరే ఆధారం ఉంది: కొద్దిపాటి గ్యాస్ పీల్చినవాళ్ల చురుకుదనం తగ్గిందని బ్రూస్, బాక్ అనే పరిశోధకులు చేసిన పరీక్షలు. తర్వాత వేరేవాళ్లు చేస్తే అదే ఫలితం రాలేదు. తమ నిర్ధారణ తప్పని బ్రూస్ స్వయంగా రాశారు కూడా. అలా రాయడానికి ధైర్యం కావాలి, ఆయన మీద నాకు గౌరవం. అంకె మాత్రం అలాగే ఉండిపోయింది.

బ్రిటన్ 1996లో వేరే దారిలో వెళ్లింది. జంతువుల్లో ఏ స్థాయి దాకా నష్టం కనిపించలేదో చూసి, దానికి బాగా కిందికి దిగి గీత గీసింది. నైట్రస్‌కు 100 పీపీఎం, సెవో జాతిదే అయిన ఐసోఫ్లూరేన్‌కు 50, అదే జాతిదై కాలేయాన్ని దెబ్బతీయగల హాలోథేన్‌కు 10.

అయితే ఇదంతా ఉత్త భయమేనా? కాదు. నైట్రస్ మన ఒంట్లోని బీ12 విటమిన్‌ను పనికిరాకుండా చేస్తుంది. డీఎన్‌ఏ తయారీకి బీ12 కావాలి. 1992లో అమెరికాలో డెంటల్ అసిస్టెంట్ల మీద చేసిన ఒక అధ్యయనం నన్ను బాగా ఆలోచింపజేసింది. వాడిన గ్యాస్‌ను బయటికి లాగే ఏర్పాటు, అంటే స్కావెంజింగ్, లేని క్లినిక్కుల్లో వారానికి ఐదు గంటలు, అంతకు మించి నైట్రస్ దగ్గర పనిచేసిన ఆడవాళ్లకు గర్భం రావడం ఆలస్యమైంది. ఆ ఏర్పాటు ఉన్నచోట అలాంటి తేడా కనిపించలేదు. నాకు 25, 100 మధ్య వాదన కంటే ఇదే ముఖ్యం. మన ఓటీలో ఆ పైపు ఉందా, లేదా?

[తెర మీద: మెషిన్ వెనక వైపు, మడతల పైపు.]

రేపు డ్యూటీకి వెళ్లగానే మత్తు మెషిన్ వెనక్కి వెళ్లండి. వదిలేసిన గ్యాస్ బయటికి వచ్చే చోట మడతల పైపు ఒకటి ఉండాలి. దాన్ని చేత్తో పట్టుకుని చివరిదాకా వెళ్లండి. గోడలోని స్కావెంజింగ్ పాయింట్‌కో, భవనం బయటికో చేరితే మంచిది. టేబుల్ కింద నేల మీద పడి ఉంటే ఆ గ్యాస్ మీ కాళ్ల దగ్గరే ఉన్నట్టు. మెషిన్‌కు అసలు పైపే లేకపోతే గ్యాస్ నేరుగా మీ ముఖం ఎత్తులోకి వస్తోంది.

రెండోది ఏసీ. బెంగళూరులో ఇళ్ల మధ్య ఉన్న చిన్న నర్సింగ్‌హోమ్ ఓటీల్లో గోడకు స్ప్లిట్ ఏసీ కనిపిస్తుంది. గది చల్లగా ఉంటుంది కాబట్టి గాలి బాగుందనిపిస్తుంది. కానీ స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని లోపలికి తేదు. పొద్దున మొదటి కేసులో లీకైన గ్యాస్ మూడో కేసుకు కూడా గదిలోనే ఉంటుంది. గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలని, అందులో 4 సార్లు తాజా గాలి రావాలని అమెరికా ప్రమాణం. ఇది యజమానులతో గట్టిగా మాట్లాడాల్సిన విషయం. ఒక్కరే వెళ్లకండి, సర్జన్‌ను, అనస్థటిస్ట్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి.

వాసనను మాత్రం నమ్ముకోవద్దు. సెవోఫ్లూరేన్ వాసన తెలిసే సమయానికి హద్దు ఎప్పుడో దాటి ఉంటుంది. నైట్రస్‌కైతే చెప్పుకోదగ్గ వాసనే లేదు.

అన్నిటికంటే ఎక్కువ లీకయ్యేది చిన్నపిల్లల కేసుల్లో. టాన్సిల్ ఆపరేషన్‌కు వచ్చిన బిడ్డ ఏడుస్తూ తల తిప్పేస్తుంటే మాస్క్ సరిగా కూర్చోదు. సెవో డయల్ 8 మీద ఉంటుంది, గ్యాస్ ఫ్లో నిమిషానికి ఆరు లీటర్లు. ఆ రెండు నిమిషాలు బిడ్డ కంటే మనమే ఎక్కువ పీలుస్తామేమో అనిపిస్తుంది. సరైన సైజు మాస్క్ ముందే చేతిలో పెట్టుకోండి. మాస్క్ ముఖానికి ఆనకముందే గ్యాస్ తెరవొద్దు. గొంతులోకి ఊపిరి ట్యూబ్ వేసేటప్పుడు ఫ్లో ఆపండి. బిడ్డ నిద్రపోయాక ఫ్లో తగ్గించమని డాక్టర్‌కు గుర్తుచేయండి, ఇందులో మొహమాటం వద్దు.

ఒక సిస్టర్ నన్ను అడిగింది: "మేడమ్, నాకు మూడో నెల. ఓటీ డ్యూటీ మానేయాలా?" స్కావెంజింగ్ సరిగా పనిచేస్తూ, తాజా గాలి వస్తున్న ఓటీ అయితే, ఉద్యోగం వదులుకునేంత ప్రమాదం ఉందని చెప్పే ఆధారం లేదమ్మా అన్నాను. మీ ఓటీలో ఆ రెండూ లేకపోతే మాత్రం, అవి వచ్చేదాకా పిల్లల మాస్క్ కేసుల నుంచీ రికవరీ గది నుంచీ మిమ్మల్ని మార్చమని రాతపూర్వకంగా అడగండి. రికవరీ అని ఎందుకంటున్నానంటే, మెలకువ వస్తున్న పేషెంటు ఊపిరిలో ఇంకా మత్తుమందు వస్తూనే ఉంటుంది, అక్కడ దాన్ని లాగే పైపు ఉండదు. తలవైపు వంగి మాట్లాడకుండా, పక్కన నిలబడి పలకరించండి. ఒక కాపీ మీ దగ్గర పెట్టుకుని, ఆ అర్జీని మేట్రన్‌కు ఇవ్వండి.