పబ్లిక్ హెల్త్‌లో పీహెచ్‌డీకి వేస్తున్నారా? మా తాతగారిని ఎస్‌ఓపీలోంచి ఎందుకు తీసేశానో చెబుతా

నమస్తే అండీ. పోయిన వీడియో కింద ఒకమ్మాయి అడిగింది: "అక్కా, బీడీఎస్ చేశాను, ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) కూడా అయిపోయింది. అమెరికాలో పీహెచ్‌డీకి వేద్దామనుకుంటున్నా. కన్సల్టెన్సీ వాళ్ళు ఎస్‌ఓపీ రాసిస్తామంటున్నారు, ఇరవై వేలు అడుగుతున్నారు. ఇచ్చేయనా?"

వద్దమ్మా. ఎస్‌ఓపీ అంటే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ఈ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నామో మనమే రాసే వ్యాసం. ఆ ఇరవై వేలు దాచుకో, అప్లికేషన్ ఫీజులకు పనికొస్తాయి.

ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే ఒక పాత ఫైలు తెరవాలి. ఇదిగో, స్క్రీన్ మీద చూడండి. నా మొదటి ఎస్‌ఓపీ. చదువుతా, నవ్వకండి. "చిన్ననాటి నుంచీ పేదలకు సేవ చేయాలన్న తపన నాలో ఉండేది. మా తాతగారు సకాలంలో వైద్యం అందక..." చాలు, ఇక్కడితో ఆపుతా. మా తాతగారు పోయిన మాట నిజమే. 84 ఏళ్ళకి, మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని, నిద్రలోనే పోయారు. వైద్యం అందకపోవడమేమీ లేదు. అలా రాస్తే బాగుంటుందని ఎవరో చెప్పారు, రాసేశాను.

ఆ ఏడాది ఎనిమిది చోట్ల వేశా. ఎనిమిదీ రిజెక్టే. ఫిబ్రవరిలో మొదలై మార్చి చివరిదాకా, ఇంచుమించు వారానికొకటి చొప్పున వచ్చాయి. మొదట్లో మా అమ్మ "ఏమైందే?" అని అడిగేది. తర్వాత్తర్వాత అడగడం మానేసి, నా మొహం చూసి టీ పెట్టేది.

మరుసటి ఏడాది ఆరింటికి వేస్తే రెండు వచ్చాయి. మార్కులు అవే, టోఫెల్ స్కోరూ అదే. మారినవి రెండు: ఎస్‌ఓపీ మొదటి పేరా, రికమెండేషన్ లెటర్లు ఇచ్చిన మనుషులు. ఆ పేరా సంగతికి వస్తా. దానికంటే ముందు, చాలామంది మెసేజ్‌లలో కనిపించే ఒక గందరగోళం తీర్చాలి.

పబ్లిక్ హెల్త్‌లో డాక్టరేట్లు రెండు రకాలు. ఒకటి పీహెచ్‌డీ, రెండోది డీఆర్‌పీహెచ్, అంటే డాక్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్. రెండిటికీ పేరు ముందు డాక్టర్ అనే పెట్టుకుంటారు, అందుకే రెండూ ఒకటేలే అనుకుంటారు. పీహెచ్‌డీ అంటే పరిశోధనే ఉద్యోగంగా పెట్టుకునేవాళ్ళకి. అమెరికాలో అయితే నాలుగైదేళ్ళు. మొదటి రెండేళ్ళు క్లాసులు, ఆ తర్వాత క్వాలిఫయింగ్ పరీక్ష, ఆ తర్వాత థీసిస్. డీఆర్‌పీహెచ్ ఇప్పటికే ఆరోగ్య శాఖలోనో ఎన్జీవోలోనో కొన్నేళ్ళు పనిచేసి, రేపు అక్కడ నిర్ణయాలు తీసుకునే కుర్చీలో కూర్చోబోయేవాళ్ళకి. హార్వర్డ్‌లో ఇప్పుడున్న డీఆర్‌పీహెచ్ 2014లో మొదలైంది. జాన్స్ హాప్‌కిన్స్‌లో ఉద్యోగం చేసుకుంటూనే పార్ట్‌టైమ్‌గా చేయొచ్చు.

అసలు తేడా డబ్బు దగ్గర వస్తుంది. మంచి పీహెచ్‌డీ ఆఫర్‌లో ట్యూషన్ ఫీజు వాళ్ళదే, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు, హెల్త్ ఇన్సూరెన్స్ ఇస్తారు. డీఆర్‌పీహెచ్‌కి చాలాచోట్ల మన జేబులోంచే కట్టుకోవాలి. ఎంపీహెచ్‌కి చేసిన లోను ఇంకా తీరకుండానే డీఆర్‌పీహెచ్‌కి ఇంకో లోను తీసుకుంటానని ఒకబ్బాయి ఫోన్ చేశాడు మొన్న. పనిచేసిన అనుభవం ఏడాది కూడా లేదు. "నాన్నగారికి చెప్పావా?" అన్నా. ఫోన్ పెట్టేశాడు.

సరే, పేరా సంగతి.

ఎంపీహెచ్ అయ్యాక పాత కరీంనగర్ జిల్లాలో ఒక సర్వే పనిలో చేరాను. ఊరూరా తిరగడం, ఆశా వర్కర్లతో కూర్చుని రిజిస్టర్లు చూడడం, అదే పని. ఒకరోజు ఒక ఆశా తన డైరీ ఇచ్చింది. ఏటా ఎల్ఐసీ వాళ్ళు పంచుతారే, ఆ డైరీ. గర్భిణుల పేర్లు, నెలలు, బీపీ, రక్తం ఎంత, కాన్పు డేటు, అన్నీ నీలం పెన్నుతో పొందిగ్గా రాసుకుంది. ఒక పేరు దగ్గర మాత్రం కాన్పు డేటు కొట్టేసి ఉంది. పక్కన పెన్సిల్‌తో ఇంకో తేదీ, దాని కింద "9:20". ఏంటిది అనడిగా. "అది అయ్యగారు పెట్టిన టైం మేడం, నక్షత్రం మంచిగుందట" అంది, ఇంకో పేజీ తిప్పుతూ.

ఆ డైరీ చూసి నాకు ఆ రోజు పెద్దగా ఏమీ అనిపించలేదు. రిజెక్షన్లన్నీ వచ్చాక, ఏప్రిల్‌లో పని లేక జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత అంకెలు తిరగేస్తుంటే గుర్తొచ్చింది. 2019-21 నాటి సర్వే అది. దేశం మొత్తమ్మీద కాన్పుల్లో సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7, దేశంలోనే అందరికంటే ఎక్కువ. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 ఉందంటే, సరేలే, డబ్బు కోసం కోస్తున్నారని మనమే తేల్చేస్తాం. మరి సర్కారు దవాఖానల్లో 44.5 ఎందుకుంది? అక్కడ బిల్లు లేదు కదా. పైగా 2017లో కేసీఆర్ కిట్ వచ్చాక సర్కారు కాన్పుకే ఎదురు డబ్బులిచ్చారు, మగపిల్లాడైతే 12,000, ఆడపిల్లయితే 13,000. ఇంకోపక్క ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది: జనాభా మొత్తమ్మీద సిజేరియన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్న దాఖలా లేదని.

అప్పుడు ఆ పెన్సిల్ గీత గుర్తొచ్చింది. ఈ నిర్ణయం ఎక్కడ జరుగుతోంది? లేబర్ రూమ్‌లోనా, ఓపీలోనా, లేక ఏడో నెలలో ఇంటి వసారాలో పంచాంగం ముందా?

రెండో ఎస్‌ఓపీలో మొదటి పేరా ఇదే. డైరీ, 9:20, సర్కారు దవాఖాన అంకె, ఈ ప్రశ్న. తపన అన్న మాట ఎక్కడా లేదు. తాతగారిని కూడా ప్రశాంతంగా వదిలేశా.

దీనివల్ల వెంటనే ఇంకో పని తేలికైంది. ఏ డిపార్ట్‌మెంట్‌కి వేయాలో అప్పటిదాకా నాకు తెలియదు. పేరు బాగుందని అన్నిచోట్లా ఎపిడెమియాలజీకే వేశా మొదటిసారి. ప్రశ్న చేతికొచ్చాక చూస్తే, అదే సిజేరియన్ ఒక్కో గదిలో ఒక్కోలా కనిపిస్తుంది. ఎవరికి ఎక్కువ అవుతున్నాయి, తర్వాతి కాన్పులో ఏమవుతోంది అంటే ఎపిడెమియాలజీ. ప్రోత్సాహకం డబ్బు ఎవర్ని ఎక్కడికి మళ్ళించింది అంటే హెల్త్ పాలసీ. వసారాలో ఎవరి మాట చెల్లుతోంది అంటే సోషల్ అండ్ బిహేవియరల్ సైన్సెస్. నాది మూడోది. ఆరూ ఆ శాఖల్లోనే వేశా.

మీ ప్రశ్న ఇదే కానక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్ళకి కిడ్నీ జబ్బు గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఇంటికొకరు డయాలసిస్ అంటే ఏంటో చెప్పగలరు. కారణం మాత్రం ఇప్పటికీ ఇదీ అని తేలలేదు. నల్గొండ వాళ్ళకి ఫ్లోరైడ్ ఉంది. మన ఊళ్ళ డేటా మీద పరిశోధకులు ఎంత పని చేశారో తెలిస్తే ఆశ్చర్యపోతారు. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో, గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం ఇస్తే ఏమవుతుందో చూశారు. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్ళ గుండె, షుగరు, ఎముకలు ఎలా ఉన్నాయో ఇప్పటికీ చూస్తున్నారు. ఏపీక్యాప్స్ అంటారు దాన్ని. మన జాతీయ పోషకాహార సంస్థ, లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ వాళ్ళు కలిసి చేసిన పని. ఆ ఊళ్ళ పక్కనుంచి రోజూ కాలేజీ బస్సులో వెళ్ళిన మనమేమో ఎస్‌ఓపీలో ఆఫ్రికా గురించి రాస్తాం.

ఇక కాగితాలు. ఎక్కువ స్కూళ్ళకి సోఫాస్ అనే ఒకే పోర్టల్ ఉంటుంది. ఒక్కసారి నింపితే చాలు, స్కూలుకింత అని ఫీజు కట్టాలి. అన్నీ అందులో ఉండవు. హార్వర్డ్‌లో డీఆర్‌పీహెచ్‌కి సోఫాసే, పీహెచ్‌డీకి మాత్రం వాళ్ళ గ్రాడ్యుయేట్ స్కూల్ సొంత అప్లికేషన్. పీహెచ్‌డీ గడువులు చాలావరకు డిసెంబర్ మొదట్లోనే అయిపోతాయి, సంక్రాంతికి చూద్దాంలే అనుకుంటే ఆ ఏడాది పోయినట్టే. జీఆర్‌ఈ చాలా స్కూళ్ళు కరోనా తర్వాత ఎత్తేశాయి, స్కూలు పేజీలో చూసుకోండి.

చాలాచోట్ల మన మార్కుల లిస్టులు డబ్ల్యూఈఎస్ వాళ్ళతో మదింపు చేయించాలి. మన మార్కులు అమెరికా లెక్కలో ఎంతో చెప్పే సంస్థ అది. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. యూనివర్సిటీ కౌంటర్‌లో రెండుసార్లు తిరిగాక కవరు ఇచ్చారు. అతికించి, అతుకు మీద సంతకం చేసి, దాని మీద ముద్ర కొట్టి మరీ ఇచ్చారు. బస్టాప్‌లో నిలబడి, పేరులో స్పెల్లింగ్ సరిగా ఉందో లేదో అని చింపి చూశా. స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది. కవరు చింపితే చెల్లదు. మళ్ళీ చలానా, మళ్ళీ లైను. కౌంటర్‌లో ఆయన నన్ను గుర్తుపట్టి, "ఓపెన్ చేసినవా?" అని మాత్రం అడిగాడు.

రికమెండేషన్ లెటర్లు మూడు కావాలి. మొదటిసారి మా డెంటల్ కాలేజీ పెద్దాయన దగ్గరికి వెళ్ళా. "నువ్వే రాసుకొచ్చేయమ్మా, సంతకం పెడతా" అన్నారు. ఆనందపడి మూడు లెటర్లూ అలాగే నేనే రాశా. ముగ్గురు మనుషులు, ఒకటే ఇంగ్లిషు, ఒకటే విశేషణాలు. చదివేవాళ్ళకి తెలిసిపోదా? పైగా ఇప్పుడు కాగితం మీద సంతకం కుదరదు, ఆయన మెయిల్‌కే లింకు వెళ్తుంది. ఆ లింకు స్పామ్‌లో పడి పదిరోజులు ఉంది. రెండోసారి పెద్ద కుర్చీలను వదిలేశా. ఫీల్డులో నాతో తిరిగిన ప్రాజెక్టు మేనేజర్‌ని అడిగా. ఆవిడ నా పని చూసిన మనిషి. నేను శుభ్రం చేసిన డేటాలో రెండు ఊళ్ళ కోడ్లు తారుమారైతే నేనే పట్టుకుని చెప్పానని రాసిందట, తర్వాత తెలిసింది.

ప్రొఫెసర్లకు మెయిల్ చేయాలా అని అడుగుతుంటారు. ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ లాంటి ల్యాబ్ ఉన్న చోట తప్పకుండా, ఎందుకంటే అక్కడ మీ జీతం ఆయన గ్రాంటులోంచి వస్తుంది. మిగతా చాలాచోట్ల కమిటీయే తేలుస్తుంది, అయినా ఆయన ఈ ఏడాది విద్యార్థుల్ని తీసుకుంటున్నాడో లేదో ముందే తెలుస్తుంది కదా. అయిదారు లైన్లు చాలు. సీవీ అతికించి నలభై మందికి ఒకటే మెయిల్ పంపకండి. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు.

పరిస్థితి బాలేదన్న మాట కూడా చెప్పాలి. 2025లో అమెరికాలో ఎన్‌ఐహెచ్, అంటే అక్కడ వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ, ఇచ్చిన గ్రాంట్లు చాలా రద్దయ్యాయి. ఈ రంగం ఎక్కువగా ఆ డబ్బు మీదే నడుస్తుంది. కొన్ని యూనివర్సిటీలు సీట్లు తగ్గించాయి. మసాచుసెట్స్‌లోని యూమాస్ చాన్ మెడికల్ స్కూల్ అయితే ఇచ్చిన పీహెచ్‌డీ ఆఫర్లే వెనక్కి తీసుకుంది. అందుకని ఆఫర్ వస్తే స్టైపెండ్ ఎన్నేళ్ళకి రాసిచ్చారో, వేసవి నెలలకి ఇస్తారో లేదో చదవండి. ఫండింగ్ ఉన్న ఆఫర్‌కి ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే వీలు ఇవ్వాలని చాలా యూనివర్సిటీలు ఒప్పందం చేసుకున్నాయి. ఎవరైనా వారంలో చెప్పమని తొందరపెడితే ఆ సంగతి మర్యాదగా గుర్తుచేయొచ్చు.

ఇండియాలో చేయడం తక్కువేమీ కాదు. త్రివేండ్రంలో శ్రీచిత్ర సంస్థకు చెందిన అచ్యుత మీనన్ సెంటర్, ఢిల్లీలో జేఎన్‌యూ, హైదరాబాద్‌లో మన సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. యూజీసీ నెట్‌లో మనకంటూ ఒక సబ్జెక్టు ఉందని బీడీఎస్ వాళ్ళకి చాలామందికి తెలియదు. సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్, కోడ్ 82. జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్, వస్తే నెలకు 37,000, హెచ్ఆర్ఏ అదనం. నా స్నేహితురాలు అలాగే చేస్తోంది. తన ఫీల్డు ఇంటి నుంచి రెండు గంటల దూరం. నాది రెండు విమానాలు, ఒక బస్సు.

చివరగా ఇంటర్వ్యూ. అర్ధరాత్రి పన్నెండున్నరకి జూమ్. మా అమ్మ పక్క గదిలో ఫ్యాన్ కూడా ఆపేసి కూర్చుంది, చప్పుడు వస్తుందని. తెరమీద ముగ్గురు ప్రొఫెసర్లు. నేను గణాంకాలన్నీ బట్టీ పట్టి కూర్చున్నా. ఒకావిడ నా ఎస్‌ఓపీ చేతిలో పట్టుకుని అడిగిన మొదటి ప్రశ్న: "ఆ పెన్సిల్‌తో రాసింది ఎవరు? ఆశా వర్కరా, ఇంట్లోవాళ్ళా?"

నాకు తెలియదు. చేతిరాత చూడనే లేదు. అదే చెప్పా, తెలియదని. తెలుసుకోవాలంటే ఎవరెవర్ని, ఏ నెలలో, ఎక్కడ కూర్చోబెట్టి అడగాలో చెప్పడం మొదలుపెట్టా. ఇరవై నిమిషాల ఇంటర్వ్యూ కాస్తా యాభై నిమిషాలు నడిచింది. గణాంకాలు ఒక్కటీ అడగలేదు.

పోయిన వేసవిలో మళ్ళీ ఆ ఊరు వెళ్ళా. ఆ ఆశా ఇంకా అక్కడే పనిచేస్తోంది. ఆ ఏటి డైరీ మాత్రం వాళ్ళ మనవడు బొమ్మలేసి చింపేశాడట.