రెండుసార్లు తిరిగొచ్చిన మల్లి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న అధ్యక్షులు గారికీ, కార్యదర్శి గారికీ, ఎండలో ఇంత దూరం వచ్చిన పెన్షనర్ సోదరీసోదరులందరికీ, వెనకాల టీలు సర్దుతున్న ఆ బాబుకీ కూడా. రిటైరయ్యాక కాలక్షేపం అనే టాపిక్ మీద మాట్లాడమని నన్ను పిలిచారు, నేనూ వాకింగూ మొక్కలూ భజనలూ అంటూ రెండు పేజీలు రాసుకున్నాను, కానీ పొద్దున్న బయల్దేరుతుంటే మా మల్లి గుమ్మం దాకా వచ్చి నిలబడింది, దాన్ని చూశాక ఆ పేజీలు బ్యాగులోంచి తియ్యబుద్ధి కావట్లేదు. అధ్యక్షులు గారూ ఏమీ అనుకోకండి, నేను కుక్క గురించే మాట్లాడతాను.

మల్లిది మన వీధి జాతే. గోధుమ రంగు, చెవి కొస కొంచెం కత్తిరించి ఉంటుంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయిందని గుర్తు అది. మా ఆయన సంవత్సరీకం నాడు దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్‌కి ఒక బస్తా బియ్యం ఇద్దామని వెళ్ళాను, కుక్కని తెచ్చుకుందామని కాదు. అక్కడ కుక్కపిల్లల్ని అందరూ ఎత్తుకుని ఫోటోలు దిగుతున్నారు, ఇదేమో మూల గోడకి అతుక్కుపోయి పడుకుని ఉంది. దీని సంగతేంటమ్మా అని అడిగితే అక్కడ పనిచేసే అమ్మాయి, "ఆంటీ, దీన్ని రెండుసార్లు తీసుకెళ్ళి తిరిగి తెచ్చేశారు" అంది. ఒకళ్ళు 9 రోజులుంచుకున్నారు, ఇంకొకళ్ళు 4 రోజులు. రిజిస్టర్‌లో కారణం కూడా రాసుంది, "ఆడుకోవట్లేదు" అని.

నేను పోస్టాఫీసులో 34 ఏళ్ళు చేశానండి. తీసుకోనన్నారని రాసి వెనక్కొచ్చిన ఉత్తరాలు ఎన్ని చూశానో లెక్కలేదు, అవి చేతిలో పట్టుకుంటే ఇప్పటికీ నాకు ఏదోలా ఉంటుంది. ఆ రోజు బియ్యం ఇచ్చేసి ఇంటికెళ్ళాను, రాత్రి నిద్ర పట్టలేదు, మర్నాడు ఆధార్ జిరాక్స్ పట్టుకుని మళ్ళీ వెళ్ళాను.

ఇంటికొచ్చాక వాష్‌బేసిన్ కింద దూరింది. 11 రోజులు అక్కడే. పగలు ముద్ద ముట్టేది కాదు, నేను లైటు తీసేసి పడుకున్నాక గిన్నె చప్పుడు వినబడేది. ఒకరోజు నేను చీపురు తీసి ఊడుస్తుంటే అలా చూసి నిలబడ్డచోటే పాసు పోసుకుంది, ఆ చీపురుతో దాన్ని ఎవరేం చేశారో నాకు తెలీదు, ఆ రోజు నుంచి దాన్ని పెరట్లోకి పంపించాకే ఊడుస్తున్నాను. డాక్టర్ గారికి చూపిస్తే రక్తం పరీక్ష చేసి టిక్ ఫీవర్ అన్నారు, పిడుదుల వల్ల వచ్చేది, 28 రోజులు మాత్రలు. ఆడుకోవట్లేదు అన్నారు చూడండి, అది జ్వరంతో ఉందండీ! జ్వరంతో ఉన్న ప్రాణిని ఆడుకోవట్లేదని తిరిగిచ్చేశారు!

12వ రోజు మధ్యాహ్నం నేను నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను, ఒక కాయ జారి దాని వైపు పోయింది. నెమ్మదిగా బయటికొచ్చింది, వాసన చూసింది, కాయ నోట కరుచుకుని మళ్ళీ బేసిన్ కిందకి పోయింది. కాసేపటికి ఇంకోదానికి వచ్చింది. ఈసారి వెనక్కి పోలేదు, నాకు మూరెడు దూరంలో పడుకుంది. కాళ్ళు తిమ్మిరెక్కిపోయినా నేను కదల్లేదు. అన్నం పొయ్యి మీదే అడుగంటింది.

అందుకే ఇంతగా చెప్తున్నాను, తెచ్చుకున్నాక తొందరపడి వెనక్కి ఇవ్వకండి. షెల్టర్ వాళ్ళు ఒక లెక్క చెప్తారు, భయం తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి 3 వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి 3 నెలలు. మల్లికి ఇంకా ఎక్కువే పట్టింది. ఇంకొకటి, మనింటి కూర కలిపిన అన్నం పెట్టేస్తుంటారు, ఉల్లిపాయ వాటికి పడదు, రక్తం పాడవుతుంది. రేబిస్ టీకా ఏటా వేయించాలి.

మాస్టారు గారూ, వెనక వరసలో మీరు తల అడ్డంగా ఊపుతున్నారు, చూశాను. మీ మనవడిని కుక్క కరిచింది, నాకు తెలుసు. మీ భయం తప్పని నేను అనను. కరిస్తే పావుగంట సబ్బుతో పంపు కింద కడిగి వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే, పసుపులూ కారాలూ పెట్టకూడదు. కానీ వీధిలో కుక్కలు పెరగడానికి మనుషులు పెంచుకుని వదిలేసినవి కూడా ఒక కారణం కదండీ. పెంచుకున్న జంతువుని వదిలేయడం 1960 నాటి చట్టం ప్రకారమే నేరం, మొదటిసారి జరిమానా ఎంతో తెలుసా, 10 నుంచి 50 రూపాయలు! 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా చెప్పింది, ఇష్టమున్నవాళ్ళు మున్సిపాలిటీకి అప్లికేషన్ పెట్టుకుని వీధి కుక్కని దత్తత తీసుకోవచ్చు, తీసుకున్నాక అది మళ్ళీ వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత వాళ్ళదే అని.

ఇక మీ అందరి మనసులో ఉన్న ప్రశ్న, మనం పోతే దాన్నెవరు చూస్తారు అని. నేనూ అదే ఆలోచించాను. షెల్టర్ కాగితం మీద నా పేరు కింద మా చెల్లెలి కూతురి పేరు రాయించాను, దానితో ముందే మాట్లాడాను, ఒప్పుకుంది, నెలకోసారి వచ్చి మల్లితో కూర్చుని వెళ్తుంది. అందుకే మనలాంటివాళ్ళం కూనల్ని తెచ్చుకోకూడదు, వయసు వచ్చినవాటినే తెచ్చుకోవాలి. అవి పరుగులు పెట్టించవు, రోజంతా మనతోపాటే కునుకు తీస్తాయి, వాటినే ఎవరూ అడగరు.

అధ్యక్షులు గారు గడియారం చూస్తున్నారు, ముగించేస్తాను. అదే షెల్టర్‌లో 8 ఏళ్ళ మగకుక్క ఒకటి ఉంది, ఒక కన్ను కనబడదు, నెమ్మదైంది, చెయ్యి చాపితే గడ్డం ఆనిస్తుంది. వచ్చే శనివారం పదింటికి బియ్యం పట్టుకుని నేను వెళ్తున్నాను. ఆటోలో ఇద్దరికి చోటుంది. తెచ్చుకోవాలని ఏమీ లేదు, ఊరికే చూడ్డానికి రండి. మాస్టారు గారూ, మీరు కూడా.