ధ్రువ అలంకారంలో నాలుక జారే చోటు

నమస్తే. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నా. మధ్యలో కాజీపేట రైలు కూత వినిపిస్తే ఏమనుకోకండి, మా మేడ మీద రికార్డింగ్ అంటే అంతే.

ఇవాళ ధ్రువ తాళం అలంకారం, కర్ణాటక సంగీతంలో మొదట్లో నేర్పే స్వరాల వరుసల్లో ఒకటి. తంబురా యాప్ పెట్టుకోండి. మాయామాళవగౌళ రాగం, శ్రుతి మీకు ఏది హాయిగా ఉంటే అది. సరిగమ, గరి, సరిగరి, సరిగమ. మొత్తం 14 అక్షరాలు, అంటే తాళంలో 14 లెక్కలు.

ఇప్పుడు మూడో కాలంలో, అంటే ఒక్కో అక్షరానికి నాలుగు స్వరాల వేగంలో, మీరు పాడండి.

జారింది కదా? నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇక్కడే. 'గరి' రెండుసార్లు వస్తుంది. మొదటిది పాడగానే, అదే రెండోదనుకుని నాలుక చివరి సరిగమలోకి దూకేస్తుంది. వరుస అయిపోతుంది, చేతిలో తాళం ఒక అక్షరం మిగిలిపోతుంది.

తప్పు పోగానే ఏం చేస్తాం? మళ్లీ మొదటి నుంచి! చిన్నప్పుడు రెండేళ్లు నేనూ అదే చేశాను. మొదటి సరిగమ అద్దంలా వచ్చేది, గరి దగ్గర గుంత గుంతలాగే ఉండేది. ఒక బతుకమ్మ ప్రోగ్రాంలో స్టేజీ మీద, చుట్టాలందరి ముందు, సరిగ్గా అందులోనే పడ్డాను.

అందుకే 'గరి సరిగరి', ఆ ఆరు స్వరాలే తీసుకోండి. టిక్ టిక్ అని లెక్క కొట్టే మెట్రోనోమ్‌ని 50లో పెట్టండి, అంటే నిమిషానికి 50 టిక్కులు. 'గరి'కి దెబ్బ వేసి చెయ్యి తిప్పండి. 'సరిగరి'కి దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. వరుసగా మూడుసార్లు శుభ్రంగా వస్తేనే 54కి వెళ్లండి. తర్వాత ముందు 'మ' కలపండి, ఆపైన చివర 'స'.

తొందరెందుకు వద్దంటే, 60 మీద మొదటి కాలంలో నిమిషానికి 60 స్వరాలు, మూడో కాలంలో 240. మెట్రోనోమ్ ఆరు పెంచారంటే అక్కడ 24 పెరుగుతాయి. నాలుకకు అది చిన్న సంగతి కాదు.

పదివేల గంటలు సాధన చేయాలని పిల్లల్ని భయపెడుతుంటారు. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్‌సన్ బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద చేసిన పరిశోధన నుంచి పుట్టిన మాట అది. బాగా వాయించేవాళ్లకు 20 ఏళ్లు వచ్చేసరికి తేలిన సగటు, అంతే. అదే పరిశోధనలో ఆ మంచి విద్యార్థులు విరామాలు తీసుకునేవాళ్లని, మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లని కూడా ఉంది. ఆదివారం రెండు గంటలు కదలకుండా కూర్చోబెట్టే అమ్మానాన్నలు ఈ ముక్క కూడా వినండి. రోజూ 20 నిమిషాలు పాడించండి, తర్వాత ఆడుకోనివ్వండి.

సరే, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేయండి. తాళం నేను వేస్తాను. 50 మీద. గ... రి...