నార్మల్ అని రాసి ఉంది కదా సార్!

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో చాలామంది నాకు తెలిసినవాళ్ళే. గుండె నాళాన్ని తెరిచి ఉంచే స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, వాళ్ళను బతిమాలి ఇక్కడికి తీసుకొచ్చిన భార్యలు, పిల్లలు.

ఒక ఆర్టీసీ డ్రైవరు గారి సంగతి చెబుతాను. రిటైరైన రెండేళ్ళకు గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశాం. ఆరు నెలల తర్వాత రిపోర్టు పట్టుకుని నవ్వుతూ వచ్చారు. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 88. పక్కన ల్యాబ్ వాళ్ళు అచ్చేసిన నార్మల్, 100 లోపు. "నార్మల్ అని రాసి ఉంది కదా సార్! రాత్రి వేసుకునే మాత్ర ఆపేశాను. ఊరికే లివర్‌కు బరువెందుకు" అన్నారు. రిపోర్టు చూసి ఆపి అప్పటికి నెల అయింది. మళ్ళీ రక్తం తీయిస్తే 146.

ల్యాబ్ వాళ్ళ 100 తప్పేం కాదు. కానీ అది గుండెపోటు రానివాళ్ళ లెక్క. ఒకసారి వచ్చినవాళ్ళకు ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలి, మందు మొదలెట్టక ముందున్న అంకెలో కనీసం సగం తగ్గాలి. ఆ 88 చూస్తే నేను మందు పెంచేవాణ్ణి. ఆయనేమో ఆపేశారు. పైగా ఆ 88 వచ్చిందే మాత్ర వల్ల!

"స్టెంట్ వేశారుగా, ఇంకేం భయం" అంటారు. స్టెంట్ సరిచేసేది రెండు మూడు సెంటీమీటర్ల ముక్కను. మిగతా నాళాలు పాతవే. కొవ్వు నీళ్ళ పైపులో తుప్పులా పేరుకుంటుందని అనుకుంటాం గానీ, అది నాళం గోడ లోపల పొక్కులా ఉంటుంది. పైపొర పలచనైతే ఏదో ఒకరోజు చిట్లుతుంది, అక్కడ రక్తం గడ్డకడుతుంది. నలభై శాతం అడ్డు ఉన్నచోట కూడా ఇలా పోటు రావచ్చు. రాత్రి వేసుకునే ఆ మాత్ర పేరే స్టాటిన్. అది ఆ పొక్కులోని కొవ్వును తగ్గిస్తుంది, పైపొరను గట్టిపరుస్తుంది.

ఈ స్టాటిన్ పుట్టుక మన అన్నం తినేవాళ్ళకు నచ్చే కథ. జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త 1970లలో వేల రకాల బూజులు వెతికితే, మొదటి స్టాటిన్ క్యోటోలో ఒక దుకాణం బియ్యానికి పట్టిన బూజులో దొరికింది. తర్వాత 1994లో స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగులపై చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఐదేళ్ళకు పైగా చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న సగంలో 256 మంది పోయారు, సిమ్వాస్టాటిన్ అనే స్టాటిన్ వేసుకున్న సగంలో 182 మంది. ఆ తేడా 74 కుటుంబాలు.

నెయ్యి మానేశాను కాబట్టి మాత్ర అక్కర్లేదనేవారికి ఒక మాట. మన ఒంట్లో కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒళ్ళే, ముఖ్యంగా లివర్, తయారుచేసుకుంటుంది. నూనె ప్యాకెట్ మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని గొప్పగా వేస్తారు. గింజల నూనెలో అది ఎప్పుడుంది గనక! మళ్ళీ మళ్ళీ కాగిన బజ్జీల బండి నూనె, డాల్డా మాత్రం వదిలేయండి. బీడీ, సిగరెట్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. మానాలి, అంతే.

కాళ్ళు పీకుతున్నాయని మాత్ర ఆపేసేవాళ్ళున్నారు. కొందరికి అది నిజంగా మాత్ర వల్లే కావచ్చు. ఆపేసి దాచకండి, వచ్చి చెప్పండి. మోతాదు తగ్గిస్తాం, వేరే స్టాటిన్ ఇస్తాం, ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మాత్ర కలుపుతాం. అప్పటికీ ఎల్‌డీఎల్ దిగకపోతే ఇంజెక్షన్లున్నాయి. రెండు వారాలకోసారి వేసేవీ, ఆరు నెలలకోసారి వేసేవీ ఉన్నాయి. ఖరీదు ఎక్కువే, అందుకే చివర్లో చెబుతున్నాను. మందు మార్చిన ప్రతిసారీ నాలుగు నుంచి పన్నెండు వారాల్లోపు రక్తపరీక్ష చేయించాలి.

డ్రైవరు గారు మళ్ళీ మొదలుపెట్టారు. మాత్రల డబ్బా ఇప్పుడు వాళ్ళావిడ దగ్గరుంది, మజ్జిగ గ్లాసుతో పాటే ఇస్తున్నారట. పోయిన నెల 51.

సరే, మీ రిపోర్టులు తీయండి. నార్మల్ కాలమ్‌ను వేలితో మూసేసి, ఎల్‌డీఎల్ అంకె చదవండి.