అద్దాన్ని తుడవకండి
(జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు ఒక డిగ్రీ కళాశాలలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, ప్రిన్సిపాల్ గారికి, భౌతికశాస్త్ర విభాగాధిపతి గారికి, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. దండ మాత్రం తీసి పక్కన పెడుతున్నాను, మైకుకు తగిలి గరగరమంటోంది. పరిచయం చేసిన మాస్టారు నన్ను గొప్ప శాస్త్రవేత్త అన్నారు. కాదండీ. టెలిస్కోపు అద్దాలకూ లేజర్ అద్దాలకూ పూత వేసే గదిలో ఉద్యోగంలో చేరి, అదే గదిలో రిటైరైన మనిషిని నేను. నాకిచ్చిన సమయంలో సగం స్వాగతాలకే పోయింది కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

పతన కోణం, పరావర్తన కోణం సమానమని మీరంతా బడిలోనే చదివారు. గుండుసూదులు గుచ్చి కొలిచారు కూడా. ఆ సూత్రం అద్దం కాంతిని ఎటు పంపుతుందో చెబుతుంది. ఎంత పంపుతుందో చెప్పదు. నా ఉద్యోగం అంతా ఆ 'ఎంత' చుట్టూనే తిరిగింది.

ఇంటికి వెళ్ళాక ఒక పని చేయండి. మీ అద్దం మీద పెన్ను మొన ఆనించి పక్కనుంచి చూడండి. మొనకూ, అద్దంలో కనిపించే మొనకూ మధ్య సందు ఉంటుంది. ఎందుకంటే మెరిసే పూత గాజు వెనకాల ఉంది. కాంతి గాజులోకి వెళ్ళి, పూతను తాకి, మళ్ళీ గాజు దాటి రావాలి. పైగా గాజు ముందు తలం కూడా తనవంతుగా నాలుగు శాతం కాంతిని వెనక్కి పంపుతుంది. అందుకే రాత్రి పూట దీపాన్ని ఏటవాలుగా చూస్తే ఒకటికి రెండు మూడు ప్రతిబింబాలు కనిపిస్తాయి. తల దువ్వుకోవడానికి ఇది చాలు. నక్షత్రాన్ని చూడడానికి చాలదు. కాబట్టి టెలిస్కోపు అద్దానికి పూత ముందువైపే వేస్తారు. దాన్ని కాపాడే గాజు పలక ఏదీ పైన ఉండదు. గాలి, దుమ్ము, తేమ, మన ఊపిరి అన్నీ నేరుగా పూత మీదే.

ఆ పూత ఎంత ఉంటుందో చెబుతాను. తమిళనాడులో జవాది కొండల్లో కావలూరు వేధశాల ఉంది. అక్కడి పెద్ద టెలిస్కోపు అద్దం వ్యాసం 2.34 మీటర్లు. 1986లో దాన్ని జాతికి అంకితం చేసినప్పుడు ఖగోళ శాస్త్రవేత్త వేణు బాప్పు పేరు పెట్టారు. ఆయన మన హైదరాబాదు నిజాం కాలేజీలో చదువుకున్నవారు. తండ్రిగారు నిజామియా వేధశాలలో పనిచేశారు. కావలూరును కట్టిన మనిషి ఆ టెలిస్కోపు పూర్తికాకముందే, 1982లో పోయారు. సరే, లెక్కకు వద్దాం. అంత అద్దం వైశాల్యం నాలుగు చదరపు మీటర్ల పైచిలుకు. పూత మందం 100 నానోమీటర్లు అనుకోండి, అంటే వెంట్రుక మందంలో వెయ్యో వంతుకు దగ్గర. అల్యూమినియం సాంద్రతతో గుణించి చూడండి. ఎంత వచ్చింది? ఆ వెనక వరుసలో అమ్మాయి చెప్పింది, సరిగ్గా చెప్పింది. గ్రాము కంటే కొంచెం ఎక్కువ. టన్నుల బరువున్న యంత్రం అంతా ఆ గ్రాము లోహాన్ని ఆకాశం వైపు సరిగ్గా తిప్పి పట్టుకోవడానికే ఉంది.

లోహం ఎందుకు మెరుస్తుంది? దానిలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు వచ్చే కాంతి తరంగానికి ఊగుతాయి. ఊగే ఎలక్ట్రాన్ తానే మళ్ళీ కాంతిని వెదజల్లుతుంది. లోపలికి పోయే దిశలో ఈ కొత్త తరంగం పాత తరంగాన్ని రద్దు చేస్తుంది, వెనక్కి వచ్చే దిశలో మిగులుతుంది. అదే పరావర్తనం. కాంతి లోహంలోకి పదుల నానోమీటర్ల లోతుకు మించి పోలేదు. అందుకే గ్రాము సరిపోయింది. కానీ ఊగే ఎలక్ట్రాన్లు లోహంలోని పరమాణువులకు తగిలి కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుంటాయి. ఆ నష్టాన్ని ఏ పాలిషూ ఆపలేదు. అల్యూమినియం కంటికి కనిపించే కాంతిలో 90 శాతం దాకా తిరిగి ఇస్తుంది. వెండి 95 దాటుతుంది, కానీ గాలిలోని గంధకంతో నల్లబడుతుంది. అల్యూమినియం మాత్రం గాలి తగలగానే తన మీద తానే కొన్ని నానోమీటర్ల ఆక్సైడు పొర కప్పుకుని నిలబడుతుంది. పూత గదుల్లో అల్యూమినియం స్థిరపడింది అందుకే.

ఇప్పుడు పాత టెలిస్కోపుల గురించి చెప్పి, తరువాత పొరల అద్దాల సంగతి చెబుదామని కాగితం మీద రాసుకొచ్చాను. కానీ 'దుమ్ము' అన్న మాట నోట రాగానే ఒక సంగతి గొంతులో అడ్డుపడుతోంది. అది చెప్పకుండా ముందుకు పోలేను.

ఒక కళాశాల. ఊరు, పేరు చెప్పను. అక్కడి విద్యార్థుల కోసం పది అంగుళాల టెలిస్కోపు ఒకటి కట్టారు. దాని అద్దానికి నేనే పూత వేశాను. ప్రారంభానికి ఒక పెద్దమనిషి వస్తున్నారు. ముందు రోజు సాయంత్రం ఒక అధికారి గొట్టంలోకి టార్చిలైటు వేసి చూశారు. ఏ అద్దమైనా టార్చి వెలుగులో మురికిగానే కనిపిస్తుంది, ఎందుకంటే అప్పుడు మనం చూసేది దుమ్ము చెదరగొట్టే కాంతిని. అద్దం తళతళలాడాలి, ఏం చేస్తావో నాకు తెలియదని ఆయన అటెండరుకు చెప్పి వెళ్ళిపోయారు. అటెండరు ఏం చేస్తాడు? లాంతరు చిమ్నీని ఇంట్లో అమ్మ ఎలా తోమేదో అలాగే తోమాడు. ముగ్గుపిండి, తడిగుడ్డ. శ్రద్ధగా, గుండ్రంగా, అంచు నుంచి అంచు దాకా.

ముగ్గురాయి పొడి అల్యూమినియం కంటే గట్టిది. దుమ్ములోని ఇసుక ఇంకా గట్టిది. 100 నానోమీటర్ల పొర మీద అవి ఏం చేస్తాయో వేరే చెప్పాలా? ఒక్కో గీత కాంతిని ఇష్టమొచ్చిన దిక్కుకు విసురుతుంది. ఆ రాత్రి చంద్రుడు పొగమంచులో ఉన్నట్టు కనిపించాడు. చుట్టూ ఆకాశం నల్లగా ఉండాల్సిన చోట తెల్లటి చార. పెద్దమనిషి కన్ను పెట్టి చూసి చాలా బాగుందన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. ఎవరికి? చెప్పిన అధికారికి కాదు. తోమిన అటెండరుకు. ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించాడట. అది వినగానే నాకు ఒళ్ళు మండింది, ఇప్పటికీ మండుతోంది. ముట్టుకోకూడదని ఆ మనిషికి ఎవరైనా చెప్పారా? గొట్టం మీద ఒక కాగితం అంటించారా? ఆప్టిక్స్ పాఠం చెప్పిన అధ్యాపకులు అక్కడ నలుగురు ఉన్నారు. ఆ పాఠం జరిగే గది తలుపు తీసేది, మూసేది ఆయనే. లోపల ఒక కుర్చీ మాత్రం ఆయనకు లేదు.

క్షమించండి, ఒక్క నిమిషం. ఈ కళాశాలలో ల్యాబ్ అటెండరు ఎవరు? బయట వరండాలో ఉన్నారా? లోపలికి రమ్మనండి. రండి బాబూ, మొహమాటపడకండి. ముందు వరుసలో కూర్చోండి. అతిథులకు వేసిన కుర్చీలు ఎలాగూ ఖాళీగానే ఉన్నాయి.

ఆ అద్దాన్ని తిరిగి పూతకు తెచ్చింది కూడా ఆ అటెండరే. మా గదికి వచ్చాడు. నేను పని అంతా ఆయన ఎదుటే చేశాను. పాత పూతను రసాయనంతో కరిగించి, కడిగి, లవణాలన్నీ తీసేసిన డీఅయొనైజ్డ్ నీటితో జాడించి ఆరబెట్టాం. తరువాత గాజు మీద ఊపిరి వదలమన్నాను. శుభ్రమైన గాజు మీద ఊపిరి ఆవిరి పలచగా, ఒకే తీరుగా పరుచుకుని, అంచుల నుంచి లోపలికి సమంగా ఆరిపోతుంది. నూనె మరక ఉంటే అక్కడ చుక్కలు చుక్కలుగా విరుగుతుంది. ఆయనకు ఒక మూల వేలిముద్ర కనబడింది. నాకంటే ముందు కనబడింది. మళ్ళీ కడిగాం. శూన్య గదిలో పెట్టి గాలి తోడేశాం. లోపల టంగ్‌స్టన్ తీగల మీద అల్యూమినియం ముక్కలు వంచి వేలాడదీసి ఉంటాయి. కరెంటు ఇస్తే తీగ ఎర్రబడి, తెల్లబడి, ముక్క కరిగి తీగను తడిపి, ఆవిరైపోతుంది. దారిలో ఢీకొనడానికి గాలి అణువులు లేవు కాబట్టి అల్యూమినియం పరమాణువులు గీత గీసినట్టు తిన్నగా వచ్చి గాజుకు అతుక్కుంటాయి. కిటికీలోంచి చూస్తుండగానే, రెప్పపాటులో గాజు కాస్తా అద్దమైపోతుంది. ఆ తరువాత ఆ కళాశాలలో ఆ అద్దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదట ఆయన. మెమోను మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నేనెక్కడున్నాను? ఆ, పాత టెలిస్కోపులు. న్యూటన్ 1668లో మొదటి పరావర్తన టెలిస్కోపు కట్టినప్పుడు గాజు ముందు తలం మీద పూత వేసే పద్ధతి లేదు. రాగి, తగరం కలిపిన కంచులాంటి లోహాన్నే అద్దంగా పాలిష్ చేశారు. అది మూడింట రెండు వంతుల కాంతిని ఇస్తే గొప్ప. రెండు అద్దాలు తగిలితే సగం కూడా మిగలదు. పైగా నల్లబడుతుంది, నల్లబడితే మళ్ళీ పాలిష్ చేయాల్సిందే. ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ ఒకసారి 16 గంటలు అద్దం మీద నుంచి చెయ్యి తీయకుండా పాలిష్ చేస్తూ ఉంటే, చెల్లెలు కరోలిన్ ముద్దలు నోట్లో పెట్టింది. ఆ చెల్లెలే తరువాత తోకచుక్కలు కనిపెట్టింది. ఆ ఇంట్లో అద్దం తోమే పనికి అటెండరు లేడని గమనించండి.

19వ శతాబ్దంలో జర్మన్ రసాయనవేత్త లీబిగ్ గాజు మీద వెండి పూతకు దారి చూపాడు. ఇంటర్‌లో ఆల్డిహైడులకు టోలెన్స్ పరీక్ష చేశారా? పరీక్షనాళిక గోడకు వెండి అద్దం కట్టుకుంటుంది కదా, అదే రసాయన చర్య. మీలో ఎంతమంది చేతులారా చేశారు? చేతులెత్తండి. ముగ్గురు. మిగతావారు రికార్డులో రాసుకున్నారు. సిల్వర్ నైట్రేట్ ఖరీదని అంటారు. సభలకు కొనే శాలువాల కంటే ఖరీదా అన్నది నా సందేహం.

ఇప్పుడు అసలైన కష్టం. ఒక్కసారి తగిలి వెళ్ళిపోయే కాంతికి 90 శాతం మంచి మార్కులే. పదిసార్లు తగలాలంటే? 0.9ని పదిసార్లు గుణించండి, 35 శాతం మిగులుతుంది. గురుత్వ తరంగాలను, అంటే అంతరిక్షాన్నే సాగదీసి కుదించే అలలను, పట్టుకునే యంత్రం లైగో, అమెరికాలో రెండు చోట్ల ఉంది. దానికి 4 కిలోమీటర్ల చేతులున్నాయి, లేజర్ కాంతి నడిచే గొట్టాలు అవి. ఒక్కో చేతిలో కాంతి అటూ ఇటూ రమారమి 300 సార్లు తిరుగుతుంది. 90 శాతం అద్దాలతో లక్ష కోట్ల ఫోటాన్లు, అంటే కాంతి రేణువులు, పంపినా 300 తాకిళ్ళ తరువాత ఒక్కటి మిగలడమూ అనుమానమే. 99 శాతం అయితే అయిదు శాతం మిగులుతుంది. 99.99 అయితే 97 శాతం. ఆ చివరి తొమ్మిదుల కోసం లోహాన్ని వదిలేయాలి.

లోహం లేకుండా అద్దమా? అవును. రెండు పారదర్శక పదార్థాలు తీసుకోండి, ఒకటి సిలికా, మరొకటి టాంటలం ఆక్సైడు. రెండింటి వక్రీభవన గుణకాలు, అంటే కాంతి వేగాన్ని తగ్గించే తీరు, వేరు. అవి కలిసే ప్రతి హద్దు దగ్గరా కాస్త కాంతి, మూడు నాలుగు శాతం, వెనక్కి వస్తుంది. ఒక్కో పొర మందాన్ని ఆ పదార్థంలో తరంగదైర్ఘ్యానికి సరిగ్గా నాలుగో వంతు ఉంచితే, అన్ని హద్దుల నుంచీ తిరిగొచ్చే తరంగాలు ఒకే అడుగులో కలుస్తాయి. ఒడ్డున వల లాగేవాళ్ళు హైలెస్సా అని ఒక్కసారిగా లాగినట్టు. లైగో వాడే 1064 నానోమీటర్ల లేజర్‌కు సిలికా పొర దాదాపు 183 నానోమీటర్లు ఉండాలి. అలాంటి పొరలు పదుల సంఖ్యలో పడాలి. ఇందులో ఊగి వేడెక్కే స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు లేవు, కాబట్టి నష్టం దాదాపు లేదు. ఆ అద్దాలు 30 లక్షల ఫోటాన్లలో ఒక్కదాన్ని మాత్రమే మింగుతాయి. చేతుల్లో తిరిగే కాంతి శక్తి 100 కిలోవాట్లు దాటుతుంది మరి. అంతకంటే ఎక్కువ మింగితే అద్దం వేడెక్కి ఆకారం చెడుతుంది. 2015 సెప్టెంబరు 14న గురుత్వ తరంగం తెచ్చిన, ప్రోటాన్ వ్యాసంలో కొన్ని వందల్లో ఒక వంతు మాత్రమే ఉన్న కదలికను పట్టుకున్నది 40 కిలోల బరువైన ఆ అద్దాలతోనే.

ఇదిగో, ఈ బిళ్ళ పొరల అద్దం, వరుసల వెంట పంపుతున్నాను. అంచు పట్టుకోండి, అంచు. మొహం కనబడడం లేదంటున్నారా? కనబడదు. అది పరారుణ లేజర్‌కు అద్దం, మీ కంటికి మామూలు గాజు. తన తరంగదైర్ఘ్యం ఒక్కదానికే అది అద్దం. మీరు చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకున్న జీరంగి రెక్క పచ్చగా మెరిసేదీ ఇలాంటి పలుచని పొరల వల్లే. వంచి చూస్తే రంగు మారేది గుర్తుందా? కోణం మారితే కాంతి నడిచే దారి పొడవు మారుతుంది.

లైగో మూడో కేంద్రం మన పక్కనే, మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో రాబోతోంది. 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. అక్కడ సమీకరణాలు రాసేవాళ్ళు మాత్రమే చాలరు. శుభ్రమైన గదిలో గంటల తరబడి ఊపిరి బిగబట్టి పనిచేసే చేతులు కావాలి. ఐటీఐ పిల్లలు, డిప్లొమా పిల్లలు, బీఎస్సీ పిల్లలు, మీరు ఆ పనికి తక్కువవాళ్ళు కాదు. కానీ ఆ చేతులు ఇప్పటినుంచే తయారవ్వాలి, ఏ వస్తువును ముట్టుకోవచ్చో, దేన్ని ముట్టుకోకూడదో తెలియాలి.

వందన సమర్పణకు లేచారు, అర్థమైంది. ఇంకొక్క మాట. మీ కళాశాలలో ఆరంగుళాల టెలిస్కోపు ఒకటి స్టోరు గదిలో ఉందని, అద్దం మసకబారిందని టీ తాగుతూ ప్రిన్సిపాల్ గారు చెప్పారు. భోజనాలకు ముందే దాన్ని చూద్దాం. దుమ్మే అయితే నీటి ధారతో, తన బరువుతో తాను జారే దూదితో సరిపోతుంది. పూత పోయి ఉంటే నేను తీసుకెళ్ళి, పాత స్నేహితుల చేత మళ్ళీ వేయించి పంపిస్తాను. డిస్టిల్డ్ వాటరు, దూది నా సంచిలో ఉన్నాయి. బాబూ, స్టోరు తాళంచెవి మీ దగ్గరే కదా? మీరు ముందు నడవండి, మేం వెనక వస్తాం. గుడ్డ మాత్రం ఎవరూ తేవద్దు.