మెషిన్ అటకెక్కకుండా: సీప్యాప్‌తో మొదటి నెల

(నిద్రలో శ్వాస ఆగిపోయే స్లీప్ అప్నియా జబ్బుకి సీప్యాప్ మెషిన్ కొత్తగా వాడుతున్నవారికి, వారి ఇంట్లోవాళ్లకి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో కొందరి ఒళ్లో ఉన్న సంచిలో మెషిన్ ఇంకా ప్లాస్టిక్ వాసన పోని కొత్తది. ఇంకొందరిది ఇప్పటికే అటకెక్కింది, ఇవాళ్టి కోసం దుమ్ము దులిపి తెచ్చారు. ఆ రెండో రకం వాళ్లు సిగ్గుపడాల్సిన పని లేదు. మెషిన్ మూలన పడిందంటే ఆ మనిషికి ఓపిక లేదని ఇంట్లోవాళ్లు అనేస్తుంటారు. అది అన్యాయం. ఎక్కువసార్లు కుదరనిది ఏదో ఒక చిన్న వస్తువే. మాస్కు సైజు, స్ట్రాపు బిగింపు, గాలిలో తేమ, ఇలాంటివి. అలాంటి ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది, ఒక మరమ్మతు ఉంటుంది. ఇవాళ వాటి గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒక అపోహ తీర్చేస్తాను. ఇది ఆక్సిజన్ మెషిన్ కాదు. "మాస్కు పెట్టారట, పరిస్థితి అంతదాకా వచ్చిందా" అని చుట్టాలు ఫోన్లు చేస్తారు కదా, వాళ్లకి కూడా చెప్పండి. మీ గదిలో ఉన్న గాలినే లోపలికి తీసుకుని, కొంచెం ఒత్తిడితో ముక్కులోకి పంపుతుంది, అంతే. కొబ్బరి బొండంలో కాగితపు స్ట్రా వేసి తాగుతుంటే కాసేపటికి అది నాని మెత్తబడుతుంది. గట్టిగా పీల్చితే గోడలు రెండూ అతుక్కుని నీళ్లు రావు. నిద్రలో కండరాలు వదులైనప్పుడు మీ గొంతులో జరిగేది అదే. 10 సెకన్లు, అంతకంటే ఎక్కువసేపు శ్వాస ఆగితే దాన్ని ఒక అప్నియాగా లెక్కిస్తారు. గంటకి శ్వాస ఎన్నిసార్లు ఆగింది, ఎన్నిసార్లు బాగా తగ్గింది అన్న లెక్కే మీ రిపోర్టులో ఏహెచ్ఐ. 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మెషిన్ గాలి ఆ గోడల్ని లోపలినుంచి ఎత్తిపట్టి ఉంచుతుంది. అందుకే గురక ఆగుతుంది, రక్తంలో ప్రాణవాయువు పడిపోవడం ఆగుతుంది, మెదడు రాత్రంతా ఉలిక్కిపడి లేవాల్సిన అవసరం పోతుంది.

గాఢంగా గురక పెడుతుంటే "హాయిగా పడుకున్నాడు" అనుకోవడం మనకి అలవాటు. 2022 ఫిబ్రవరిలో బప్పి లహరి కన్నుమూసినప్పుడు ఆయన డాక్టర్లు స్లీప్ అప్నియా పేరు చెప్పారు. తెలుగువాళ్లు చాలామంది ఆ మాట వినడం అదే మొదటిసారి అయ్యుంటుంది. ఇంకో సంగతి. ఆడవాళ్లు గురక గురించి చెప్పుకోవడం నామోషీ అనుకుని దాచేస్తారు. నెలసరి ఆగిపోయాక ఈ జబ్బు వాళ్లలో బాగా పెరుగుతుంది. అమ్మ, అత్తయ్య పగలంతా నీరసం అంటుంటే రక్తహీనతతోనో, థైరాయిడ్‌తోనో సరిపెట్టేయకండి.

ఈ వైద్యాన్ని కనిపెట్టింది ఆస్ట్రేలియాలోని సిడ్నీకి చెందిన డాక్టర్ కాలిన్ సలివాన్. 1981లో దీని గురించి మొదటి వ్యాసం ప్రచురించారు. అప్పటి మెషిన్లో వాక్యూమ్ క్లీనర్ తరహా మోటారు ఉండేది. ముక్కుకి అచ్చు తీసి చేసిన మాస్కుని రోజూ రాత్రి జిగురుతో అంటించుకునేవారు. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది కేజీకి అటూ ఇటూ తూగే సిలికాన్ యుగం పరికరమని కాదు నేను చెప్పేది. అంత ఇబ్బందిలో కూడా ఆ పేషెంట్లు దాన్ని వదల్లేదంటే పొద్దున లేచాక వాళ్లకి ఎంత తేడా తెలిసి ఉంటుందో ఆలోచించమంటున్నాను.

ఇక మాస్కు. మిగతావన్నీ కలిపినా దీని తర్వాతే.

మూడు రకాలున్నాయి. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే పిల్లోస్, ముక్కుని మాత్రమే కప్పేది, ముక్కూ నోరూ కలిపి కప్పే ఫుల్ ఫేస్. ముక్కుతో గాలి ఆడుతున్నవాళ్లు ముక్కు మాస్కుతో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. ముఖం మీద ఆనే చోటు తక్కువైతే లీకయ్యే చోట్లూ తక్కువ. నోరు తెరిచి పడుకునేవాళ్లకి, ముక్కు ఎప్పుడూ దిబ్బడ వేసి ఉండేవాళ్లకి ఫుల్ ఫేస్ తప్పదు. "పెద్దది అయితే గట్టిగా పనిచేస్తుంది" అని షాపులో అంటే నమ్మకండి.

మాస్కుని అద్దం ముందు నిలబడి బిగించకండి. పడుకున్నప్పుడు బుగ్గలు పక్కకి జారతాయి, ముఖం ఆకారం మారుతుంది. అందుకే పడుకుని, మెషిన్ ఆన్ చేసి, గాలి వస్తుండగానే బిగించుకోవాలి. మాస్కులో ముఖానికి ఆనే మెత్తటి సిలికాన్ భాగాన్ని కుషన్ అంటారు. దాని అంచుని వేళ్లతో పట్టుకు చూడండి. రెండు పొరలుంటాయి. లోపలిది మందంగా, బయటిది ఉల్లిపొరలా పల్చగా ఉంటుంది. ఆ పల్చటి పొర గాలికి ఉబ్బి చర్మానికి అతుక్కోవాలి. లీకుని ఆపేది అదే. స్ట్రాపులు లాగి బిగిస్తే ఆ పొర నలిగి ముడతపడుతుంది, ముడతలోంచి గాలి బుస్సుమంటుంది. లీకు ఆపాలని ఇంకా బిగిస్తారు, ఇంకా లీకవుతుంది. పొద్దున్నకి ముక్కు దూలం మీద ఎర్రటి పుండు. చేయాల్సింది దీనికి తలకిందులు. స్ట్రాపులు వదులు చేయండి, గాలి వస్తుండగా మాస్కుని ముఖం నుంచి ఒక అంగుళం ముందుకి లాగి మెల్లగా వదలండి. పొర నిండా ఉబ్బి దానంతటదే కూర్చుంటుంది. ఆ తర్వాత కింది స్ట్రాపులు, పై స్ట్రాపులు రెండు పక్కలా సమానంగా సర్దండి. స్ట్రాపు కిందికి రెండు వేళ్లు దూరాలి.

మాస్కు ముందు భాగంలో సన్నటి చిల్లులు కనిపిస్తాయి. అక్కడినుంచి గాలి వస్తోంది కాబట్టి లీకేమో అనుకుని ప్లాస్టర్ అంటించినవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. మీరు వదిలిన బొగ్గుపులుసు వాయువు బయటికి పోయే దారి అదొక్కటే. ఆ గాలి పక్కన పడుకున్నవాళ్ల మొహానికి కొడుతుంటే మీరు కొంచెం అటు తిరిగి పడుకోండి.

రాత్రి మొహానికి క్రీము, కొబ్బరినూనె రాసుకునే అలవాటుంటే మానుకోవాలి. నూనె మీద సిలికాన్ జారుతుంది, త్వరగా పాడవుతుంది కూడా. మొహం సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని పెట్టుకోండి. గుబురు మీసం ఉన్నవాళ్లకి పిల్లోస్ తరహా కొంత నయం. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు తప్పకుండా చూసుకోవాల్సింది మరొకటుంది. కొన్ని మాస్కుల క్లిప్పుల్లో అయస్కాంతాలుంటాయి. అలాంటివి మీకు పనికిరావు, కొనేముందే అడగండి. పక్కన పడుకునేవాళ్లకి పేస్‌మేకర్ ఉన్నా ఇదే జాగ్రత్త.

మాస్కు కుదిరింది, కానీ పెట్టుకోగానే గుండె దడ, ఊపిరాడనట్టు ఉంటుంది. ఇది చాలామందికి ఉంటుంది, మొండితనం కాదు. దీన్ని రాత్రి పది గంటలకి, నిద్రముంచుకొస్తున్న వేళ ఎదుర్కోవద్దు. పగలు నేర్చుకోవాలి. మొదటి రెండు రోజులు మెషిన్ లేకుండా ఉత్త మాస్కుని చేత్తో ముఖానికి ఆనించి పట్టుకోండి, టీవీ చూస్తూ పదిహేను నిమిషాలు, ట్యూబు తగిలించకుండా. ఆ తర్వాత స్ట్రాపులతో. మూడో నాలుగో రోజు ట్యూబు తగిలించి, గాలి ఆన్ చేసి, కుర్చీలో కూర్చుని అరగంట నుంచి గంట. నోరు మూసుకుని ముక్కుతోనే పీల్చాలి. గాలి వస్తుండగా నోరు తెరిస్తే గొంతులోకి దూసుకొచ్చి ఉక్కిరిబిక్కిరి చేస్తుంది, మొదటిరోజు భయం సగం దీనివల్లే. తర్వాత మధ్యాహ్నం కునుక్కి పెట్టుకోండి. ఆ తర్వాతే రాత్రికి. కొందరికి మూడు రోజుల్లో అయిపోతుంది, కొందరికి రెండు వారాలు పడుతుంది. ఒక మెట్టు మీద ఇబ్బందైతే కింది మెట్టుకి దిగి మళ్లీ ఎక్కండి. ట్యూబు మాస్కుకి తగిలే చోట నొక్కితే ఊడొచ్చే క్లిప్పు చాలా మాస్కులకి ఉంటుంది. దాన్ని చీకట్లో చేత్తో తడిమి ఊడదీయడం పదిసార్లు సాధన చేయండి. ఎప్పుడంటే అప్పుడు తీసేయగలనని చేతికి తెలిస్తే మనసు కుదుటపడుతుంది.

మెషిన్లో రెండు సెట్టింగులు మీకోసమే ఉన్నాయి. ఒకటి ర్యాంప్. ప్రెషర్ 4 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దగ్గర మొదలై మెల్లగా పెరుగుతుంది. నిద్ర పట్టడానికి మీకు ఎంతసేపు పడుతుందో అన్ని నిమిషాలు పెట్టుకోవచ్చు. కొందరికి మాత్రం 4 దగ్గర గాలి చాలనట్టు ఉంటుంది, అప్పుడు 6 దగ్గర మొదలుపెడితే హాయిగా ఉంటుంది. డాక్టరుని అడిగి మార్పించుకోండి. రెండోది ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గించే సెట్టింగు. కంపెనీని బట్టి ఈపీఆర్ అనో, ఫ్లెక్స్ అనో పేరుంటుంది, 1, 2, 3 అని అంచెలుంటాయి. "గాలికి ఎదురు ఊదుతున్నట్టుంది" అనేవాళ్లకి ఇదే మందు. అసలు ప్రెషర్ని మాత్రం ఇంట్లో ఎవరూ కదపొద్దు, యూట్యూబ్ చూసి అసలే వద్దు.

నోరు ఎండిపోయి, నాలుక అట్టకట్టి లేస్తున్నారా? తేమ తక్కువైనా అవ్వాలి, నిద్రలో నోరు తెరుచుకుని గాలి బయటికి పోతున్నా అవ్వాలి. హ్యూమిడిఫయర్, అంటే నీళ్ల ట్యాంకుతో గాలికి తేమ కలిపే భాగాన్ని, ఒక అంకె పెంచి రెండు రాత్రులు చూడండి. తగ్గకపోతే అది నోటి లీకే. గడ్డం కింద పట్టీ, లేదా ఫుల్ ఫేస్ మాస్కు. నోటికి టేపు మాత్రం అంటించొద్దు.

తేమ మరీ ఎక్కువైతే ఇంకో తిప్పలు. ఏసీ గదిలో ట్యూబు చల్లబడి లోపల నీటిబొట్లు కడతాయి. అర్ధరాత్రి ట్యూబులో గుడగుడమని చప్పుడు, ముక్కు మీద చల్లటి చుక్క. తేమ ఒక అంకె తగ్గించండి, ఏసీ ఒకటి రెండు డిగ్రీలు పెంచండి, ట్యూబుని దుప్పటి కిందనుంచి రానివ్వండి. మెషిన్ ఎప్పుడూ తల కంటే కింద ఉండాలి. మంచం పక్కన పొట్టి స్టూలు సరిపోతుంది. అప్పుడు నీళ్లు వెనక్కి పోతాయి, మీ ముఖం మీదికి రావు. నేల మీద పరుపు వేసుకుని పడుకునేవాళ్లు మెషిన్ కింద ఒక పలక వేసి, ట్యూబు మధ్యలో వంపు నేలకి దగ్గరగా ఉండేలా చూసుకోవాలి. నీళ్లున్న ట్యాంకుతో మెషిన్ని ఎత్తి జరపకండి, నీళ్లు మోటారులోకి పోతాయి.

కడుపు ఉబ్బరం, తేన్పులు కొందరికి వస్తాయి. గాలి మింగడం వల్ల అది. ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం, తలవైపు కాస్త ఎత్తు పెట్టడం, రాత్రి భోజనం రెండు మూడు గంటల ముందే ముగించడం చేసి చూడండి. వారం దాటినా ఉంటే చెప్పండి, ప్రెషర్ సర్దాల్సి ఉంటుంది.

నీళ్ల సంగతి. ట్యాంకులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎంతో మీ స్టీలు గిన్నెల అడుగు చూస్తేనే తెలుస్తుంది. బంకుల్లో దొరికే బ్యాటరీ వాటర్ వద్దు, అది పీల్చే గాలి కోసం తయారైంది కాదు. ఒకటి రెండు రాత్రులు దొరక్కపోతే ఆర్వో నీళ్లు కాచి చల్లార్చి పోయండి. మిగిలిన నీళ్లు రోజూ పొద్దున పారబోసి, ట్యాంకు ఆరబెట్టాలి. తెల్లటి పొర కడితే ఒక వంతు వెనిగర్, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి అరగంట నానబెట్టి బాగా కడగండి.

కుషన్ రోజూ, ట్యూబు, స్ట్రాపులు వారానికోసారి. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల బేబీ షాంపూ చాలు. డెటాల్, స్పిరిట్, శానిటైజర్ తగలనివ్వొద్దు. ఎండలో ఆరేయకండి, సిలికాన్ గట్టిపడి పగులుతుంది. నీడలో తాడుకి వేలాడదీయండి. తెల్ల ఫిల్టర్‌ని కడగకూడదు, బూడిదరంగుకి తిరగగానే మార్చేయాలి. రోడ్డు పక్క ఇల్లైతే, ఎదురుగా అపార్ట్‌మెంట్ కడుతుంటే నెలకే తిరుగుతుంది. ఆ గదిలో రాత్రిపూట దోమల కాయిల్, అగరుబత్తి, సాంబ్రాణి వద్దు. ఆ పొగంతా మెషిన్ పీల్చి మీ ముక్కులోకే పంపుతుంది. దోమతెర కట్టుకోండి, ట్యూబుని అంచు కిందనుంచి తీసుకుంటే సరిపోతుంది.

పాత మెషిన్ చవగ్గా వస్తోందని కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ చాలా మోడళ్లను వెనక్కి పిలిచింది. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన ఫోమ్ పొడిగా రాలి గాలిలో కలిసే ప్రమాదం ఉందని. మోడల్, సీరియల్ నంబరు సరిచూడకుండా ఏ పాత మెషినూ తీసుకోకండి.

కరెంటు పోతే? మెషిన్ ఆగుతుంది, మీకు మెలకువ వస్తుంది. ఫుల్ ఫేస్ మాస్కులో బయటి గాలి వచ్చేలా తెరుచుకునే కవాటం ఉంటుంది. ముక్కు మాస్కు అయితే నోరు ఉండనే ఉంది. ఇన్వర్టర్ మీద పెట్టుకోవచ్చు, సైన్ వేవ్ రకమైతే మంచిది. హ్యూమిడిఫయర్, వేడి ట్యూబు పనిచేస్తుంటే చాలా మెషిన్లు 90 వాట్ల దాకా లాగుతాయి, ఒక పాత సీలింగ్ ఫ్యానంత. కోతలున్న రోజుల్లో ఆ రెండూ ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. రైలు ప్రయాణంలో మొబైల్ చార్జింగ్ సాకెట్‌ని నమ్ముకోవద్దు. విమానంలో అయితే ట్యాంకు ఖాళీ చేసి చేతి సామానుగా తీసుకెళ్లండి, లగేజీలో వేయొద్దు.

రాత్రికి కనీసం 4 గంటలు అన్నది లెక్క కోసం పెట్టుకున్న కింది గీత. నిద్రపోయినంతసేపూ పెట్టుకోవాలన్నదే అసలు మాట. కలలొచ్చే నిద్ర తెల్లవారుజామున ఎక్కువ, చాలామందికి అప్నియా ముదిరేదీ అప్పుడే. మూడింటికి బాత్రూముకి లేచి మాస్కు మంచం మీద పడేసి పడుకుంటే తప్పిపోయేది సరిగ్గా ఆ భాగమే. తిరిగొచ్చాక ర్యాంప్ మళ్లీ మొదటినుంచి పెట్టుకుని పడుకోండి.

నెలకి రివ్యూకి వచ్చేటప్పుడు మెషిన్లోని మెమరీ కార్డుతోపాటు మాస్కు కూడా సంచిలో వేసుకుని రండి, చాలామంది మర్చిపోయేది అదే. మెషిన్ చూపించే ఏహెచ్ఐ 5 లోపు ఉందా, లీకు ఎంత, ఎన్ని గంటలు వాడారు అని చూస్తాం. అంకెలు బాగుండి కూడా పగలు తూగుతుంటే అది కూడా చెప్పండి. పక్కన పడుకునేవాళ్లని వెంట తీసుకురండి. గురక మళ్లీ మొదలైందా, ఏ వేళకి మాస్కు తీసేస్తున్నారు, ఇవి మీకు తెలియవు, వాళ్లకే తెలుస్తాయి. ఇప్పుడు ముందు వరుసలో ఉన్నవాళ్లు మాస్కులు బయటికి తీయండి. ఆ వెనక బల్ల మీద పడుకోబెట్టి ఒక్కొక్కరికీ స్ట్రాపులు సర్దుతాం.